పాఠకులే రచయితలైన చోట: తెలుగు పత్రికా సమూహాల్లో రచన విలువ (1871–1934)

వ్యాస సంగ్రహం

చదివేవారూ రాసేవారూ ఒకరే అయిన సమూహంలో ఒక రచన విలువను నిర్ణయించేది ఏమిటి? ఈ ప్రశ్నను తెలుగు పత్రికల చరిత్రలోని నాలుగు ఘట్టాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. 1870లలో భాషాశుద్ధి, 1890లలో బహుమతి, 1900లలో ప్రత్యుత్తరం, 1930లలో ఉనికి ఆ విలువకు ప్రధానమైన కొలమానాలుగా కనిపిస్తాయి. వీటిలో ‘హిందూసుందరి’ పత్రిక చుట్టూ ఏర్పడిన స్త్రీల రచనా సమూహం మీద ఈ వ్యాసం ఎక్కువగా దృష్టి పెడుతుంది. ఒక రచన మరొకరి చేత ఏం రాయించిందో, ఏం చేయించిందో చూడకుండా ఇటువంటి సమూహాల సాహిత్యాన్ని అంచనా వేయలేమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పత్రికా సాహిత్యం, పాఠక సమూహం, హిందూసుందరి, భండారు అచ్చమాంబ, గోలకొండ కవుల సంచిక, ప్రత్యుత్తరం.

1. ప్రవేశిక

రచనకు విలువ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు మన అలంకారశాస్త్రం స్పష్టమైన సమాధానాలే చెప్పింది. మమ్మటుడు కావ్యప్రయోజనాలను లెక్కించాడు. కీర్తి, ధనం, లోకజ్ఞానం, అమంగళ నివారణ, సద్యోజనితమైన ఆనందం, కాంతాసమ్మితమైన ఉపదేశం అతడి జాబితాలో ఉన్నాయి. ధ్వనివాదులు రసాస్వాదనకు అర్హుడైన పాఠకుణ్ణి సహృదయుడన్నారు. ఈ చర్చలన్నింటిలోనూ కవి ఒకవైపు, పాఠకుడు మరొకవైపు ఉంటారు. సహృదయుడు చదువుతాడు, తన్మయుడవుతాడు. తిరిగి రాయవలసిన పని అతడికి లేదు.

అచ్చుయంత్రంతో పాటు వచ్చిన పత్రిక ఈ ఏర్పాటును మార్చింది. ఈ నెల సంచికను చదివినవారే వచ్చే నెల సంచికకు రచన పంపగలిగారు. ఇలా రచయితకూ పాఠకుడికీ మధ్య గీత చెరిగిపోయిన సమూహాల్లో పుట్టిన రాతను మన సాహిత్య చరిత్రలు ఎక్కువగా మూడు కొలతలతో కొలిచాయి. అవి ప్రాథమ్యం, శిల్పం, ప్రాతినిధ్యం. ‘ఇది తొలి రచనా?’, ‘ఇందులో శిల్పం ఉన్నదా?’, ‘ఇది ఏ వర్గానికి ప్రతినిధి?’ అని అడిగాం. మూడూ అవసరమైన ప్రశ్నలే. కానీ మూడూ సమూహం వెలుపల నిలబడి అడిగేవి. ఆ రచనను మొదట చదివినవారికి అది ఎందుకు విలువైనదన్న ప్రశ్నకు వీటిలో సమాధానం దొరకదు.

అంతర్జాలంలో రెండున్నర దశాబ్దాలుగా పోగుపడిన తెలుగు రాతను పరిశోధనాంశంగా స్వీకరించవలసిన దశ వచ్చింది. ఈ ప్రశ్నను ఇప్పుడు లేవనెత్తడానికి అదొక కారణం. అయితే ఆ సమూహాలు తెలుగులో మొదటివి కావు. వాటికి ముందు నడిచిన పత్రికా సమూహాలను పరిశీలిస్తే మన కొలమానాల పరిమితి తెలుస్తుంది.

2. శుద్ధి నుంచి బహుమతి దాకా

కొక్కొండ వెంకటరత్నం పంతులు 1871లో ‘ఆంధ్రభాషా సంజీవని’ని ప్రారంభించారు. కందుకూరి వీరేశలింగం 1874లో రాజమండ్రి నుంచి ‘వివేకవర్ధని’ని తెచ్చారు. స్త్రీవిద్య మొదలైన విషయాల్లో ఈ రెండు పత్రికలూ ఎదురెదురుగా నిలిచాయి. వాటి వాదాల్లో సంస్కరణ ఎంత ముఖ్యమో భాష కూడా అంతే ముఖ్యం. ఎదుటివాడి వాదం తప్పని చూపడానికి ఎదుటివాడి వాక్యం తప్పని చూపడం ఒక మార్గమైంది. వీరేశలింగం తన పత్రికకు అనుబంధంగా ‘హాస్యసంజీవని’ని వెలువరించి అధిక్షేపాన్ని ఆయుధంగా వాడారు. ప్రత్యర్థి పత్రిక పేరు ఆ శీర్షికలోనే ధ్వనిస్తుంది.

ఈ దశలో రచన విలువకు మొదటి పరీక్ష శుద్ధి. వ్యాకరణానికి నిలవని రాతకు మాట్లాడే అర్హత లేదు. పత్రికలో ప్రవేశించాలంటే ముందు పండితుడు కావాలి. అయితే పత్రిక స్వభావమే ఈ నియమాన్ని సడలించింది. కఠినమైన శైలితో మొదలుపెట్టిన వీరేశలింగం ఎక్కువమందికి అర్థం కావాలన్న ఆలోచనతో క్రమంగా వచనాన్ని సులభం చేసుకున్నారు. 1878లో ‘వివేకవర్ధని’లో ధారావాహికంగా వెలువడిన ‘రాజశేఖర చరిత్రము’ ఈ మార్పుకు ఒక సాక్ష్యం. పాఠకుల సంఖ్య పెరిగే కొద్దీ శుద్ధి ఒక్కటే కొలమానంగా నిలవలేకపోయింది.

1890ల నాటికి మరొక కొలమానం ముందుకు వచ్చింది. న్యాపతి సుబ్బారావు పంతులు నెలకొల్పిన ‘చింతామణి’ పత్రిక నవలల పోటీలు నిర్వహించింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘రామచంద్ర విజయము’, ‘హేమలత’ వంటి నవలలు ఈ పోటీల వల్లనే వెలుగులోకి వచ్చాయి. తెలుగు నవల నిలదొక్కుకోవడంలో ఈ పోటీల పాత్ర కాదనలేనిది. గడువు పెట్టి, పారితోషికం ప్రకటించి, అచ్చుకు హామీ ఇవ్వడం వల్ల కొత్త ప్రక్రియకు కొత్త రచయితలు దొరికారు.

బహుమతి విధానంలో విలువ పైనుంచి కిందికి ప్రవహిస్తుంది. న్యాయనిర్ణేత ఇస్తాడు, రచయిత పుచ్చుకుంటాడు, పాఠకుడు అంగీకరిస్తాడు. రాజాస్థానంలో కవికి జరిగిన సత్కారానికి ఇది పత్రికారూపం. మంచి రచనను గుర్తించే శక్తి దీనికి ఉంది. రచన రాని చోట రచనను పుట్టించే శక్తి మాత్రం పరిమితం. అప్పటికే రాయగలిగినవారే పోటీకి వస్తారు. తాము రాయవచ్చునని కూడా తెలియనివారిని పోటీ ప్రకటన పిలవలేదు.

3. ‘హిందూసుందరి’: ప్రత్యుత్తరమే ప్రమాణం

3.1. నేపథ్యం

సత్తిరాజు సీతారామయ్య 1902లో ఏలూరు నుంచి ‘హిందూసుందరి’ మాసపత్రికను ప్రారంభించారు. స్త్రీల కోసం అంతకుముందే పత్రికలు వచ్చాయి. వీరేశలింగం ‘సతీహితబోధిని’, రాయసం వెంకటశివుడు ‘తెలుగు జనానా’ వాటిలో ప్రసిద్ధమైనవి. వాటిలో ప్రధానంగా పురుషులు రాశారు, స్త్రీలు చదివారు. ‘హిందూసుందరి’లో స్త్రీల రచనలకు ప్రాధాన్యం దక్కింది. కొంతకాలానికి మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయి సంపాదకత్వ బాధ్యతలు స్వీకరించారు. స్త్రీలకు చెప్పే పత్రిక స్త్రీలు చెప్పుకునే పత్రికగా మారింది.

ఈ మార్పును సంఖ్యతో కాక స్వభావంతో గుర్తించాలి. పద్యాలు, పాటలు, వ్యాసాలు, కథలు, గృహనిర్వహణ విషయాలు, స్త్రీసమాజాల వార్తలు పక్కపక్కనే అచ్చయ్యాయి. సాహిత్యం, సాహిత్యేతరం అన్న విభజన ఆ పుటల్లో లేదు. సభలో చదివిన ఉపన్యాసం పత్రికకు వచ్చేది. పత్రికలో వచ్చిన విషయం మరో ఊరి సభలో చర్చకు వచ్చేది. ‘సోదరీమణులారా’ వంటి సంబోధన ఈ రాతలో కేవలం మర్యాద కాదు. ఆ పిలుపులో ‘నేను చెప్పాను, ఇక మీరు చెప్పండి’ అన్న ఆహ్వానం ఉంది.

3.2. అచ్చమాంబ రచనను ఎలా చదవాలి?

ఈ సమూహాన్ని అర్థం చేసుకోవడానికి భండారు అచ్చమాంబ (1874–1905) ముఖ్యమైన ఉదాహరణ. ఆమె బడికి వెళ్లి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుండగా, అతడి సాయంతో ఇంట్లోనే తెలుగు, హిందీ నేర్చుకున్నారు. తరువాత మరికొన్ని భాషలతో పరిచయం సంపాదించారు. స్త్రీలు అబలలనీ అవివేకులనీ చేసే నిందకు చరిత్ర నుంచి సమాధానం చెప్పాలని ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీసమాజాన్ని స్థాపించారు. స్త్రీసమాజాలను ప్రోత్సహించడానికి ఊళ్లు తిరిగారు.

1902 నవంబరు ‘హిందూసుందరి’లో ఆమె కథ ‘ధనత్రయోదశి’ అచ్చయింది. పేదరికంలో ఉన్న భర్త పండుగ పూట యజమాని సొమ్ముకు ఆశపడతాడు. భార్య అతణ్ణి వారించి, ధర్మం వైపు మళ్లిస్తుంది. 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ను తొలి తెలుగు కథగా లెక్కించే సంప్రదాయానికి ఎదురుగా ఇటీవలి దశాబ్దాల్లో అచ్చమాంబ పేరు బలంగా వినిపించింది. ఆ వాదం న్యాయమైనది. దానివల్లనే ఆమె రచనలు తిరిగి అచ్చయ్యాయి, పాఠ్యప్రణాళికల దాకా వచ్చాయి.

అయితే ‘తొలి’ అన్న విశేషణం ఆమెకు ఒక ద్వారాన్ని తెరిచి మరొకదాన్ని మూసింది. తొలి కథ అవునా కాదా అన్న చర్చలో ‘ధనత్రయోదశి’ని పత్రికలో దాని ఇరుగుపొరుగు రచనల నుంచి విడదీశాం. కథానికా లక్షణాలు ఉన్నాయా, సంభాషణ ఎలా ఉంది, ముగింపు ఎలా ఉంది అని పరీక్షించాం. 1902లో ఆ సంచికను చేతిలోకి తీసుకున్న పాఠకురాలికి అది తెలుగులో ఎన్నో కథ అన్న చింత లేదు.

ఆ పాఠకురాలికి తెలిసిన వివాదం వేరు. చదువుకున్న స్త్రీ భర్త మాట వినదనీ, సంసారం చెడుతుందనీ స్త్రీవిద్యా వ్యతిరేకులు అంటున్న కాలమది. వివేకవతి అయిన భార్య సంసారాన్ని చెడగొట్టకపోగా భర్తను పతనం నుంచి కాపాడుతుందని కథ చూపింది. అంటే ‘ధనత్రయోదశి’ స్వయంగా ఒక ప్రత్యుత్తరం. వ్యాసంలో వాదంగా చెప్పదగినదాన్ని ఆమె సన్నివేశంగా చెప్పారు. నీతి ప్రకటంగా ఉండటాన్ని నేటి విమర్శకుడు శిల్పదోషంగా చూడవచ్చు. వాదంలో ఉన్న సమూహానికి ఆ ప్రకటత్వమే అవసరం. ఆ పాఠకురాలు అదే మాటను రేపు తన సమాజంలో, తన ఇంటిలో చెప్పవలసి ఉంది.

‘దిద్దుబాటు’తో పోల్చినప్పుడు ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. రెండు కథల్లోనూ తప్పుదారి పట్టిన భర్తను భార్యే దిద్దుతుంది. ‘దిద్దుబాటు’లో కమలిని ఉత్తరం రాసిపెట్టి, కనిపించకుండా ఉంటుంది. కథ గోపాలరావు తత్తరపాటును అనుసరించి నడుస్తుంది. పాఠకుడు అతడితో కలిసి సిగ్గుపడి, అతడితో కలిసి నవ్వుకుంటాడు. ‘ధనత్రయోదశి’లో భార్య ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. మొదటిదాని శిల్పం ఉన్నతమైనదని అంగీకరించడంలో ఇబ్బంది లేదు. కానీ రెండూ ఒకే పని కోసం రాసినవి కావు. గురజాడ కథ భర్తలకు అద్దం చూపింది. అచ్చమాంబ కథ భార్యలకు మాటలు అందించింది.

కావ్యం కాంతాసమ్మితంగా, అంటే ప్రియురాలి మాటలాగా ఉపదేశించాలని అలంకారికులు చెప్పినప్పుడు ఆ కాంత ఒక ఉపమానం మాత్రమే. మాట్లాడేది కవి, వినేది పురుష పాఠకుడు. ‘హిందూసుందరి’లో ఆ ఉపమానమే కలం పట్టింది. పైగా ఆమె మాట్లాడినది భర్తతో కాదు, తోటి స్త్రీలతో. ఈ రాతకు పాత పరిభాషలో సరైన పేరు లేదు. సుహృత్సమ్మితం దీనికి దగ్గరగా ఉంటుంది. అందుకే దీన్ని ‘సోదరీసమ్మితం’ అనవచ్చునని ఈ వ్యాసకర్త సూచన.

3.3. ప్రత్యుత్తరం అంటే ఏమిటి?

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. ప్రత్యుత్తరాలు వచ్చినంత మాత్రాన రచన విలువైనదవుతుందా? కయ్యానికి కాలుదువ్వే రాతకే ఎక్కువ సమాధానాలు వస్తాయి. ఒకరినొకరు పొగుడుకునే పద్యాలకూ మన పత్రికల్లో కొదవ లేదు. పుస్తకాల ముందు పుటలు నింపిన ప్రశంసాపద్యాల సంప్రదాయం అక్కడికీ వచ్చింది. ఈ ఆక్షేపణ సరైనదే. కాబట్టి ప్రత్యుత్తరాన్ని లెక్కగా కాక పనిగా చూడాలి.

ఒక రచన తరువాత కలం పట్టిన కొత్తవారు ఎవరు? అంతకుముందు నలుగురిలో అనలేని మాట ఏది అనదగినదైంది? తరువాతి వారికి ఏ రూపం, ఏ వాక్యం అందుబాటులోకి వచ్చింది? ఈ ప్రశ్నలకు సమాధానం ఉన్న రచన ఆ సమూహంలో విలువైనది. ప్రశంస వీటిలో దేనికీ సమాధానం ఇవ్వదు. కయ్యం ఒక్కోసారి ఇస్తుంది. పులుగుర్త లక్ష్మీనరసమాంబ కాకినాడ నుంచి నడిపిన ‘సావిత్రి’ వితంతు వివాహం వంటి విషయాల్లో సంస్కరణవాదులతో విభేదించింది. ఆ విభేదాన్ని సైతం ఒక స్త్రీ, తన సంపాదకత్వంలోని పత్రికలో, తన పేరుతో ప్రకటించడం స్త్రీల రచనా ప్రపంచం విస్తరించిందనడానికి నిదర్శనం. ఒకే మాటను అందరూ వల్లిస్తే అది సమూహమవుతుంది కానీ సంభాషణ కాదు.

మరొక విషయం గమనించాలి. ప్రత్యుత్తరం ఎప్పుడూ అక్షరరూపంలోనే ఉండదు. చదవడం రానివారికి చదివి వినిపించిన రచనకు వచ్చిన సమాధానం అచ్చులో కనిపించదు. ఒక ఊళ్లో కొత్తగా స్త్రీసమాజం ఏర్పడటం, ఒక ఇంట్లో ఆడపిల్లకు పలక కొనిపెట్టడం కూడా ప్రత్యుత్తరాలే. మొదటిదానికి పత్రికలో వార్తగా ఆధారం మిగిలింది. రెండవదానికి ఏ ఆధారమూ లేదు. పరిశోధకుడు ఈ అంతరాన్ని దృష్టిలో పెట్టుకోవాలి.

4. ‘గోలకొండ కవుల సంచిక’: ఉనికే సమాధానం

ప్రత్యుత్తరం ఒక సమూహం లోపల మాత్రమే జరిగేది కాదు. సమూహం మొత్తం కలిసి బయటివారికి చెప్పేది కూడా కావచ్చు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న అర్థంలో ముడుంబ వెంకటరాఘవాచార్యులు చేసిన వ్యాఖ్యకు ‘గోలకొండ పత్రిక’ సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి ఇచ్చిన సమాధానం ప్రసిద్ధం. ఆయన ఖండన వ్యాసంతో సరిపెట్టలేదు. పత్రికకున్న పాఠక సంబంధాలే ఆధారంగా కవితలను సేకరించి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు.

సంచికలోని ప్రతి పద్యమూ ఉత్తమ కవిత్వం కాదు. పండితుల పద్యాల పక్కనే కొత్తగా రాస్తున్నవారి పద్యాలున్నాయి. శిల్పాన్ని మాత్రమే ప్రమాణంగా తీసుకుంటే పుటలు సగానికి తగ్గేవి. కానీ సగానికి తగ్గించిన సంచిక ఆ వ్యాఖ్యకు సమాధానం కాలేదు. ఇక్కడ ఒక సామాన్య పద్యానికి విలువ ఇచ్చినది దాని పక్కన ఉన్న మరో పద్యం. ఒంటరిగా చూస్తే మామూలుగా కనిపించే రచన వరుసలో నిలబడినప్పుడు సాక్ష్యమైంది. సంకలనాన్ని విడి పద్యాలుగా విమర్శించడం సులభం. సంకలనం చేసిన పని ఆ విమర్శకు అందదు.

‘హిందూసుందరి’లో రచన మరొక రచనను పిలిచింది. ‘గోలకొండ కవుల సంచిక’లో రచనలన్నీ కలిసి ఒక నిందకు బదులిచ్చాయి. రెండు చోట్లా విలువ ఒక్క రచనలో కాక రచనల మధ్య ఉంది.

5. నేటి పరిశోధనకు వర్తింపు

అంతర్జాలంలో తెలుగు రాత ఆంగ్ల లిపితో మొదలైంది. తెలుగు అక్షరాలను రోమను లిపిలో సూచించే ఆర్‌.టి.ఎస్‌. పద్ధతితో ప్రవాసులు తొలినాటి చర్చావేదికల్లో పద్యాలు, వాదాలు పంచుకున్నారు. 1998లో ‘ఈమాట’ పత్రిక, 2003లో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. యూనికోడ్‌ వ్యాప్తిలోకి వచ్చాక ‘లేఖిని’ వంటి ఉపకరణాలు తెలుగులో రాయడాన్ని సులభం చేశాయి. ‘కూడలి’ వంటి వేదికలు విడివిడిగా రాస్తున్నవారి రాతలను ఒకచోట చూపాయి. ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు సంపాదకుడి అనుమతి అవసరం లేకుండా రాశారు. రాత కింద వ్యాఖ్యలు వచ్చాయి. వ్యాఖ్యాతలు తామూ రాయడం మొదలుపెట్టారు. వంటకం, జ్ఞాపకం, పుస్తక పరిచయం, ఛందోచర్చ పక్కపక్కనే నిలిచాయి. ‘హిందూసుందరి’ పుటలు చూసినవారికి ఈ అమరిక కొత్తగా తోచదు.

ఈ సామ్యాన్ని అతిగా సాగదీయరాదు. పత్రికకు సంపాదకుడున్నాడు, చందాదారులున్నారు, నెలరోజుల వ్యవధి ఉంది. అంతర్జాలంలో సమాధానం నిమిషాల్లో వస్తుంది. ఆ వేగం ఆలోచనను మింగివేయగలదు. అయినా పరిశోధకుడు ఎదుర్కొనే సమస్య రెండింటిలోనూ ఒకటే. ఎంపిక చేసిన కొద్ది రచనలను పుస్తకంగా అచ్చువేసి, మిగిలినదంతా అప్రధానమని వదిలివేస్తే మిగిలేది రచన, పోయేది సంభాషణ. పాత పత్రికలను బైండు చేసేటప్పుడు అట్టలు, ప్రకటనల పుటలు తీసివేయడం వల్ల ఆనాటి పాఠకలోకానికి సంబంధించిన ఆధారాలు ఎన్నో పోయాయి. 2020లో యాహూ గ్రూపులు మూతపడటంతో, ఎవరైనా ముందుగా దాచుకున్నవి తప్ప, అక్కడి చర్చలు కూడా పోయాయి. ఇందుకు కాగితం మీదా తెర మీదా కారణం ఒక్కటే: అవి రచనలు కావని అనుకోవడం.

కాబట్టి ఇటువంటి సాహిత్యంపై పని చేసేవారు రచనను కాక సంచికను ప్రమాణంగా తీసుకోవడం అవసరం. ‘ధనత్రయోదశి’ని పునర్ముద్రించేటప్పుడు దానికి ముందువెనుకల ఉన్న విషయసూచికనైనా జతచేయాలి. అంతర్జాల రచనను భద్రపరిచేటప్పుడు తేదీని, వ్యాఖ్యలను, అది ఏ రాతకు సమాధానమో ఆ వివరాన్ని కూడా భద్రపరచాలి. ఇవి ప్రచురణకు సంబంధించిన చిన్న విషయాలుగా కనిపిస్తాయి. విలువ ఎక్కడుందో అక్కడ వెతకాలంటే ఇవే తొలి మెట్లు.

6. ఉపసంహారం

శుద్ధి, బహుమతి, ప్రత్యుత్తరం, ఉనికి అన్న నాలుగు కొలమానాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చి, ముందుదాన్ని తొలగించినవి కావు. ఒకే సంచికలో నాలుగూ కలిసి పనిచేయవచ్చు. అయితే పాఠకులే రచయితలైన సమూహంలో మూడవదే ప్రాణప్రదమని ‘హిందూసుందరి’ చరిత్ర చూపుతున్నది. శుద్ధమైన రచన గౌరవం పొందుతుంది, బహుమతి రచన గుర్తింపు పొందుతుంది. తరువాతి రచనకు చోటు చూపిన రచన మాత్రమే సమూహాన్ని నిలుపుతుంది.

అచ్చమాంబ ముప్పై ఒక్క ఏళ్లయినా నిండకుండానే 1905 జనవరిలో మరణించారు. ఆమె రచన విలువను ‘తొలి’ అన్న ఒక్క మాటలో చెబితే, రేపు అంతకన్నా ముందటి కథ దొరికిననాడు ఆ విలువ తగ్గిపోవాలి. ఆమె చేతి నుంచి కలం అందుకున్నవారిని వెతికి లెక్కలోకి తెచ్చుకుంటే అది ఎన్నటికీ తగ్గదు. ఆ వెతుకులాట ఇంకా చాలావరకు మిగిలే ఉంది.